దశాంశంలో దక్కిన పతకం



హాకీ అనగానే మన తరానికి ముందుగా గుర్తుకు వచ్చే పేరు ధ్యాన్‌చంద్. 1936 ఆగస్టు 15న బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్లో మన జట్టు జర్మనీని 8-1 గోల్స్‌తో ఓడించిన ముచ్చట మన పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ జర్మనీవారు ఆడే హాకీ మరొకటి ఉంది. అదే ఐస్ హాకీ. ఆ ఆటలో వారి చరిత్ర చదువుతుంటే, ఉద్యోగకాలమంతా లెడ్జర్ల ముందు గడిపిన నాకు అందులోని లెక్కలు బాగా ఆకట్టుకున్నాయి. వాటినే మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. గడ్డకట్టించిన మంచు మీద, కాళ్ళకు స్కేట్లు కట్టుకుని ఆడతారు. గోల్ కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు. బంతికి బదులు ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. తప్పు చేసిన ఆటగాడు కొన్ని నిమిషాలు బయట కూర్చోవాలి. అంతసేపూ అతని జట్టు ఒకరు తక్కువగా ఆడుతుంది.

ఈ ఆటలో కెనడా, సోవియట్ యూనియన్, చెకోస్లొవేకియా, స్వీడన్ పెద్దలు. జర్మనీది ఆ వరుస తర్వాతి స్థానం. 1932లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో కాంస్యం వచ్చింది గాని, ఆర్థిక మాంద్యం వల్ల అక్కడికి వచ్చినవి నాలుగు జట్లే. 1953 ప్రపంచ పోటీల్లో పశ్చిమ జర్మనీకి రజతం దక్కింది గాని, ఆ ఏడు కెనడా, సోవియట్ జట్లు రాలేదు.

అసలు కథ 1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌ది. స్వర్ణం సోవియట్‌కు, రజతం చెకోస్లొవేకియాకు పోయాయి. కాంస్యం కోసం పశ్చిమ జర్మనీ, ఫిన్లాండ్, అమెరికా తలా 4 పాయింట్లతో సమానంగా నిలిచాయి. జర్మనీ 3-5తో ఫిన్లాండ్ చేతిలో ఓడి, చివరి మ్యాచ్‌లో అమెరికాను 4-1తో గెలిచింది. ఫిన్లాండ్ అమెరికా చేతిలో 4-5తో ఓడింది. ఇలా ఒకరినొకరు ఓడించుకోవడంతో చిక్కు వచ్చిపడింది.

అమెరికాను గెలిచినా, ఆ తేడా చాలలేదనుకుని జర్మన్ ఆటగాళ్ళు దిగాలుపడ్డారు. ఇప్పుడు మనం కాగితం, పెన్సిలు తీద్దాం. ఈ మూడు జట్ల మధ్య మ్యాచ్‌లనే తీసుకుంటే జర్మనీ వేసినవి 7, ఇచ్చినవి 6. ఫిన్లాండ్ వేసినవి 9, ఇచ్చినవి 8. తీసివేస్తే ఇద్దరికీ ఒక్క గోల్ ఆధిక్యమే. కాని నిబంధన ప్రకారం చేయవలసింది తీసివేత కాదు, భాగహారం. ఏడును ఆరుతో భాగిస్తే 1.166. తొమ్మిదిని ఎనిమిదితో భాగిస్తే 1.125. తేడా 0.041! కోచ్ క్సావర్ ఉన్‌జిన్ శిక్షణలోని జట్టు మెడలో కాంస్యం పడింది. అమెరికా ఇంకొక్క గోల్ వేసి ఉంటే ఆ పతకం ఫిన్లాండ్‌దే.

అదృష్టం ఎప్పుడూ ఒకవైపే ఉండదు కదా! 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్ నాటికి రెండు జర్మనీలూ ఏకమయ్యాయి. క్వార్టర్ ఫైనల్లో కెనడాతో 3-3గా సమమై, పెనాల్టీ షాట్ల దాకా వెళ్ళింది. పీటర్ డ్రైజైట్ల్ కొట్టిన చివరి షాట్ గోల్ కీపర్ షాన్ బర్క్ కాళ్ళ మధ్య నుంచి దూరి, మెల్లగా జారి, గోల్ గీత మీద ఆగిపోయింది. పక్ గీతను పూర్తిగా దాటితేనే గోల్. జర్మనీ ఇంటిముఖం పట్టింది. ఆనాటికి ఇంకా పుట్టని అతని కుమారుడు లియోన్, 2020లో ఉత్తర అమెరికా వృత్తి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్. ఆ లీగ్ తన ఆటగాళ్ళను పంపలేదు. జర్మనీ స్వీడన్‌ను, కెనడాను 4-3 తేడాతోనే దాటి ఫైనల్ చేరింది. రష్యా ఆటగాళ్ళపై 3-2 ఆధిక్యంలో ఉంది. ఎదుటి జట్టులో ఒకడు శిక్ష మీద బయట ఉన్నాడు. ఇంకా నిమిషం కూడా లేదు. అంతలో గుసెవ్ గోల్ వేసి సమం చేశాడు. అదనపు సమయంలో కప్రిజోవ్ గోల్‌తో స్వర్ణం చేజారింది. అయినా ఒలింపిక్ ఐస్ హాకీలో జర్మనీకి అదే తొలి రజతం. అంతకు ముందటి 2014 ఒలింపిక్స్‌కు ఆ జట్టు అర్హతే పొందలేదు మరి!

2023 ప్రపంచ పోటీల్లో మొదటి మూడు మ్యాచ్‌లూ ఒక్కొక్క గోల్ తేడాతోనే ఓడారు. అయినా నిలదొక్కుకుని, సెమీఫైనల్లో అమెరికాను అదనపు సమయంలో ఓడించి ఫైనల్ చేరారు. అక్కడ కెనడా 5-2తో గెలిచింది. ప్రపంచ పోటీల్లో 70 ఏళ్ళ తర్వాత వారికి దక్కిన తొలి పతకం అది.

పెన్షన్ లెక్కలో పైసల దగ్గర కూడా పట్టుబట్టే మనల్ని చూసి ఇంట్లో పిల్లలు నవ్వుతుంటారు. ఈసారి వారికి ఇన్స్‌బ్రుక్ కథ చెప్పండి. ఓడామనుకుని తల వంచుకున్న వారి చేత పతకం పట్టించింది ఓ భాగహారమే గదా!