శేషాచలం అడవిలో కాలిబాటలు



ఈమధ్య సెలవులు వచ్చాయంటే మన పిల్లలు ట్రెక్కింగ్‌కు పోతామంటున్నారు. వీపున సంచీ, చేతిలో నీళ్ళ సీసా పెట్టుకుని కొండలెక్కడానికి బయలుదేరుతున్నారు. ఇదేదో కొత్త సరదా, మనకు తెలియని విద్య అని మనం ఆశ్చర్యపోతాం. కాస్త నిదానించి ఆలోచించండి. మన అవ్వలు, వాళ్ళ అవ్వలు ఏ పేరూ పెట్టకుండానే నడిచిన అడవి దారులు మన రాయలసీమలోనే వున్నాయి. అవే తిరుమల కొండ ఎక్కే కాలిబాటలు. వాటి చుట్టూ వున్న శేషాచలం అడవిలో 353 చదరపు కిలోమీటర్ల మేరను 1989లో శ్రీ వెంకటేశ్వర జాతీయ వనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం కొండలకు జీవావరణ రక్షిత ప్రాంతమన్న గుర్తింపు కూడా వచ్చింది.

మా కొత్తచెరువు వైపు నుంచి పోయేవాళ్ళకు ఆ అడవి పెద్ద వింత. ఇక్కడ చూస్తే బోడిగుట్టలు, వేరుశెనగ చేలు, ఆకాశం వైపు చూసే కళ్ళు! అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. శేషాచలమేమో తూర్పు కనుమల్లోని ఒక కొండల వరస.  ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో సముద్రం మీదినుంచి వచ్చే మేఘాలు ఆ కొండలకు తగులుతాయి. అందుకే అక్కడ కోనలు, జలపాతాలు, ఎర్రచందనం చెట్లు. బొమ్మల కొలువులో మనం ముందు వరసన నిలబెట్టే ఎర్రచందనం బొమ్మల జంటకు పుట్టిల్లు ఆ ప్రాంతమే. ఆ చెట్టు మన సీమ కొండల్లోనూ, వాటి చుట్టుపక్కలా తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు.

ఆ అడవిలో దారి ఎప్పుడు పడిందో చెప్పడానికి తారీఖు లేదు. అయితే ఆలయ శాసనాలు కొంత ఆనవాలు చెబుతాయి. పల్లవ వంశపు రాణి సామవై స్వామికి వెండి విగ్రహాన్ని సమర్పించింది. ఈనాటికీ ఏకాంత సేవ జరిగేది ఆ భోగ శ్రీనివాసమూర్తికే. ఆ శాసనం క్రీ.శ. 966 నాటిదని చాలామంది చరిత్రకారులు చెబుతారు. అంటే వెయ్యేళ్ళ కిందటే ఒక స్త్రీ ఇచ్చిన కానుక ఆ కొండ చేరింది. బస్సు లేదు, రోడ్డు లేదు. మనుషులు నడిచి తీసుకుపోయిందే గదా!

తరువాత విజయనగర కాలం వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు ఏడుసార్లు కొండకు వచ్చాడు. ఆయనా, ఇద్దరు దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడిన విగ్రహాలు గుడిలో మీరు చూసే వుంటారు. 17వ శతాబ్దంలో మట్లి రాజులు అలిపిరి దారిన మెట్లూ గోపురమూ కట్టించారు. మెట్లు కట్టించింది రాజులే అయినా, ఆ దారిని చెరిగిపోకుండా నిలబెట్టింది మాత్రం నడిచిన జనం.

ఇప్పుడు మనకు తెలిసిన దారులు ముఖ్యంగా మూడు. ఒకటి అలిపిరి దారి. సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల నడక. గాలిగోపురం దాటి, మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఎంతటివారికైనా ఆయాసం తెలుస్తుంది. రెండోది చంద్రగిరి వైపు శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు. 2,388 మెట్లు, దూరం తక్కువ, నిట్రం ఎక్కువ. మూడోది కడప వైపు మామండూరు, కుక్కలదొడ్డి నుంచి అడవిలో పడిపోయే పాత దారి. దానికి మెట్లు లేవు. అన్నమయ్య మార్గమని పిలుస్తారు. అన్నమయ్య స్వగ్రామం తాళ్ళపాక ఆ వైపే, రాజంపేట దగ్గర.

అన్నమయ్య కొండెక్కిన కథను ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాశాడు. పిల్లవాడు ఎనిమిదేళ్ళవాడు. ఆకలి, అలసట. కాళ్ళకు చెప్పులతోనే ఎక్కి ఎక్కి మోకాళ్ళ మెట్టు దగ్గర సోలిపోయాడు. అలమేలుమంగమ్మ తల్లిలా వచ్చి, ఈ కొండంతా సాలగ్రామమేననీ చెప్పులు విడిచి నడవమనీ చెప్పి, ప్రసాదం పెట్టిందట. భక్తికథ అనుకుని వదిలెయ్యకండి. అందులో ఒక నడవడి వుంది. ఈ నేల మనది కాదు, మెత్తగా అడుగెయ్యమని ఒక తల్లి బిడ్డకు నేర్పిన పాఠం అది.

ఇంకొక తల్లిని తలుచుకోవాలి. వాయల్పాడు దగ్గర తరిగొండలో పుట్టిన వెంగమాంబ (1730–1817). చిన్ననాడే భర్త పోయాడు. జుట్టు తీయించుకోమని వూరు పట్టుబడితే ఒప్పుకోలేదు. తిరుమల చేరింది. అక్కడా సూటిపోటి మాటలు తప్పకపోతే, అడవిలోపలి తుంబురుకోనకు పోయి ఆరేళ్ళు తపస్సు చేసిందని చెబుతారు. తిరిగి వచ్చి ఎన్నో కావ్యాలు రాసింది. ఈ రోజుకీ ఏకాంత సేవలో ముత్యాల హారతి ఆమె పేరనే జరుగుతుంది. ఇల్లూ వూరూ ఇవ్వలేని చోటు ఆమెకు అడవి ఇచ్చింది. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి, పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి జరుగుతాయి. ఆ రోజుల్లో జనం రాళ్ళమీద, వాగుల వెంట నడిచి ఆ కోనలకు పోతారు. ముక్కోటి ముగిశాక ఆ దారుల్లో మళ్ళీ సందడి వుండదు. పెద్దలు ఎంత తెలివిగా ఏర్పాటు చేశారో చూడండి! పండుగ మనది, మిగతా రోజులు అడవివి.

1944 ఏప్రిల్ 10న మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. 1974లో రెండోది వచ్చింది. అంతకుముందు కొండకు పోవడమంటే నడకే. నడవలేని ముసలివాళ్ళు డోలీలో పోయేవారు. మా వైపువాళ్ళకు కదిరి, పీలేరు మీదుగా పాకాల పోయే రైలు వచ్చాక తిరుపతిదాకా ప్రయాణం తేలికైంది గానీ, కొండ మాత్రం కాళ్ళతోనే ఎక్కాలి. పసుపుగుడ్డలో ముడుపు కట్టుకుని గుంపుగా బయలుదేరేవారు. పొద్దుండగానే మంటపం చేరాలి. పిల్లలు నడుమ, చేతికర్రలు పట్టిన మగవాళ్ళు ముందూ వెనకా. గోవింద నామం ఆపకూడదు. అది భక్తి, అదే మృగానికి హెచ్చరిక. సద్దిమూట మిగిలితే మళ్ళీ మూట కట్టుకునేవారే గాని దారిలో పారేసే అలవాటు లేదు. కరువునేల ఆడవాళ్ళకు మెతుకు విలువ ఒకరు చెప్పాలా?

ఇప్పుడు అలిపిరి దారికి పైకప్పు వుంది, రాత్రి దీపాలున్నాయి, అంగళ్ళున్నాయి. సౌకర్యం మంచిదే, కాదనను. కానీ కప్పు కింద నడుస్తూ అడవిలో వున్నామన్న మాట మరిచిపోతున్నాం. అడవి అప్పుడప్పుడు గుర్తు చేస్తుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, 2022 మే నెలలోగాని మళ్ళీ తెరవలేకపోయారు. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక పసివాణ్ణి చిరుత నోట కరుచుకుపోయింది, అదృష్టవశాత్తూ బతికాడు. ఆగస్టులో మాత్రం ఆరేళ్ళ పాప ప్రాణమే పోయింది. ఆ తల్లి కడుపుకోతకు మాటలు లేవు. ఆ తరువాత దేవస్థానంవారు నడిచేవాళ్ళకు చేతికర్రలిచ్చారు. మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలతో నడవకూడదన్నారు. గుంపులుగా పొమ్మన్నారు. చూశారా, మన అవ్వల పద్ధతులే తిరిగి వచ్చాయి!

చిరుతను తిట్టి ప్రయోజనం లేదు. తిండి పారేసిన చోటికి కుక్కలు, పందులు చేరతాయి. వాటికోసం చిరుత వస్తుంది. మనం విసిరిన పొట్లం ఎక్కడో ఒక బిడ్డ మీదికి ఆపద తేవచ్చు. ఇది శాస్త్రం తెలిసినవాళ్ళూ చెబుతున్న మాటే.

కాబట్టి సోదరీమణులారా, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే మొక్కున్నవారు పెట్టండి. కానీ పిల్లల చెయ్యి మాత్రం విడవకండి. ముందుకు పరుగెత్తనివ్వకండి. వెలుగుండగానే ఎక్కండి. మిగిలిన తిండి, ఖాళీ సీసా సంచీలోనే వుంచుకుని కొండమీద తొట్టిలో వెయ్యండి. జింకకు అరటిపండు పెట్టడం పుణ్యం కాదు, దాని స్వభావం చెడగొట్టడమే. ట్రెక్కింగ్‌కు పోయే పిల్లలకూ ఈ నాలుగు ముక్కలే చెప్పండి. వెయ్యేళ్ళుగా లక్షలమంది నడిచినా ఆ దారి పక్కన అడవి ఇంకా మిగిలి వుందంటే, నడిచినవాళ్ళు అతిథుల్లా నడిచారన్నమాట. మనమూ అలాగే నడిస్తే, మన మనవరాళ్ళకు దారీ దక్కుతుంది, అడవీ దక్కుతుంది.

సెలవు.