'మీనా' నవల: ధిక్కారం - బంధుత్వం

యద్దనపూడి సులోచనారాణి నవలలను కాలక్షేప సాహిత్యంగా పక్కకు నెట్టే అలవాటు తెలుగు విమర్శలో చాలాకాలం సాగింది. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో చలనచిత్రమైన 'మీనా' కూడా ఆ అలవాటుకు గురైనదే. అయితే ఇందులో నాయిక ధిక్కరించేది తండ్రిని కాదు, తల్లిని. సంస్కరణోద్యమ సాహిత్యంలో స్త్రీ స్వేచ్ఛకు అడ్డునిలిచినది ప్రధానంగా ఆచారం. ఇక్కడ అడ్డు సంపద, హోదా. వాటి పక్షాన ఇంటి పెత్తనం చేసేది తల్లి.

పల్లెలోని బంధువుల మధ్య పట్నపు పిల్ల పడే తికమకల్లోనే హాస్యమంతా ఉంది. నవ్వుకు గురయ్యేది పల్లె కాదు, మీనా పెంపకం.

ఆమె వరించిన కృష్ణ పరాయివాడు కాదు, బావ. అందువల్ల తల్లి మాట కాదనడమే దూరమైన చుట్టరికాన్ని కలపడమవుతుంది. మేనరికమనే పాత ఆచారం స్వేచ్ఛావరణానికి రక్షణ కల్పించింది. కులం గడప దాటని తిరుగుబాటు ఇది. దీనిని స్త్రీవాద నవలగా చెప్పడం అతిశయోక్తి. కానీ పెద్దల మాట జవదాటరాదని నేర్పిన ఇళ్ళలోని ఆడపిల్లలు, తల్లిని ఎదిరించిన నాయికను తప్పుపట్టకుండా నవ్వుతూ చదవగలగడానికి ఆ పరిమితే వీలు కల్పించింది.