బైరన్‌గారి కుక్క, మా అమ్మాయి బూందీ

"అమ్మా, ముందు కోప్పడనని మాటివ్వు" అంటూ మా అమ్మాయి ఫోన్ మొదలుపెట్టిందంటే, కోప్పడవలసిన పని అప్పటికే అయిపోయిందన్నమాట. హైదరాబాదులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మరో ఇద్దరు పిల్లలతో కలిసి మేడమీద పోర్షన్ అద్దెకు తీసుకుని ఉంటోంది. నెల్లాళ్ళ క్రితం కాలు విరిగిన ఒక వీధికుక్కను, కట్టు విప్పేదాకా చూసిపెడతామని ఇంటికి తెచ్చుకున్నారట. ఇలా కొన్నాళ్ళు సాకి, శాశ్వతంగా పెంచుకునేవాళ్ళు దొరికాక అప్పగించడాన్ని ఫోస్టరింగ్ అంటారని నాకు పాఠం కూడా చెప్పింది. సరే, కట్టు విప్పేశారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య పెంచుకుంటామని ముందుకొచ్చారు. ఆదివారం వచ్చి తీసుకెళ్తారు.

"కానీ అమ్మా, బూందీని నేనే ఉంచేసుకుంటానే!"

పేరు కూడా పెట్టేసింది. పేరు పెట్టాక ఇంకేముంది?

ఆ రాత్రి మా ఇంట్లో మహాసభ జరిగింది. మావారు "ఇంటివాళ్ళు ఊరుకుంటారా?" అని ఒక్క ప్రశ్న వేసి పేపర్లో తల దూర్చేశారు. అమ్మాయి ఫోన్లోంచే వాళ్ళ బామ్మను పట్టుకుంది. "కుక్క రాకపోతే స్వర్గమే వద్దన్నాడు కదా బామ్మా ధర్మరాజు! నువ్వేగా చెప్పావు?" మా అత్తగారు తడుముకోలేదు. "చెప్పానే. కానీ ఆయన యుద్ధం, రాజ్యం అన్నీ ముగించుకుని బయల్దేరాడు. సెమిస్టర్ పరీక్షలు ముందు పెట్టుకుని కాదు!"

అందరూ నవ్వారు గానీ, తీర్పు మాత్రం నాకే వదిలేశారు. ఇలాంటివి ఎప్పుడూ తల్లికే వదిలేస్తారు కదా. మంచం ఎక్కాక నిద్రపట్టలేదు. బి.ఏ.లో చరిత్ర, ఇంగ్లీషు సాహిత్యం చదివినదాన్ని. ఏ సంసారపు చిక్కు వచ్చినా ఎవరో ఒక పాతకాలపు మనిషి గుర్తుకురావడం నాకు జబ్బు. ఈసారి బైరన్ వచ్చాడు.

లార్డ్ బైరన్ 1805లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. అప్పటికి పదిహేడేళ్ళు. మహాకవి అవుతాడని ఎవరికీ తెలియదు. అప్పులు చేస్తాడని మాత్రం త్వరలోనే తెలిసింది. కాలేజీలో కుక్కల్ని ఉంచుకోకూడదన్నారనీ, రూల్సులో ఎలుగుబంటి మాట ఎక్కడా లేదని వెతికి మరీ 1807లో ఒక పెంపుడు ఎలుగుబంటిని పట్టుకొచ్చాడనీ చెప్పుకుంటారు. రూల్సు సంగతి కథే అయినా కావచ్చు గానీ, ఎలుగుబంటి మాత్రం నిజం. దీన్ని ఏం చేస్తావని అడిగితే, ఫెలోషిప్ పరీక్షకి కూర్చోబెడతానన్నానని స్నేహితురాలికి ఉత్తరం రాశాడు. మా అమ్మాయి ఎలుగుబంటిని తేలేదు కదా అని ఆ అర్ధరాత్రి కాస్త ఊరట కలిగింది.

ఇంతకీ బైరన్ ప్రాణం పెట్టుకున్నది ఎలుగుబంటి మీద కాదు, బోట్స్‌వైన్ అనే న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్క మీద. ఆయన కేంబ్రిడ్జిలో ఉంటే అది ఎక్కడుందంటారు? సౌత్‌వెల్ అనే చిన్న ఊళ్ళో, తల్లి ఇంట్లో, నౌకర్ల పోషణలో! ఆ తల్లికి గిల్పిన్ అనే సొంత కుక్క ఒకటుండేది. రెండింటికీ పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. ఎప్పుడు చంపేసుకుంటాయోనన్న భయంతో చివరికి గిల్పిన్నే దూరంగా, న్యూస్టెడ్‌లోని కౌలుదారు ఇంటికి పంపించేశారు. చూశారా న్యాయం! కొడుకు కుక్క కోసం తల్లి కుక్క ఇల్లు వదలాల్సి వచ్చింది. ఒకరోజు బోట్స్‌వైన్ కనిపించకుండా పోయింది. నౌకరు వెతికి వెతికి వేసారిపోయాడు. సాయంత్రానికి అది వచ్చింది, వెంట గిల్పిన్‌ని పెట్టుకుని. అంతదూరం పోయి శత్రువుని తీసుకొచ్చి, వంటింటి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నాకుతూ ముద్దులాడిందట. 1830లో బైరన్ జీవితచరిత్ర అచ్చువేసిన థామస్ మూర్ ఈ కథ చెప్పాడు. అందరూ ఇది చదివి కుక్క గొప్పతనాన్ని పొగుడుతారు. నాకు మాత్రం ఆ తల్లి మీద జాలి. కొడుక్కి సాలుకి అయిదువందల పౌన్ల భత్యం వచ్చేది. అది ఆ కాలానికి మంచి మొత్తం. అయినా చాలేది కాదు. ఆ అప్పులవాళ్ళ బెడదా ఆమెకే, కుక్కల కొట్లాటా ఆమెకే.

1808 నవంబరులో బోట్స్‌వైన్ చచ్చిపోయింది, పిచ్చికుక్క జబ్బుతో. బైరన్‌కి అప్పటికి ఇరవయ్యేళ్ళు. అదేం జబ్బో తెలియక దాని నోటి నురగను ఉత్త చేతుల్తో తుడిచాడట. ఆ కుర్రవాడికి ఏమీ కాకపోవడం ఇంగ్లీషు సాహిత్యం చేసుకున్న అదృష్టం. ఎందుకంటే మందు రావడానికి ఇంకా డెబ్బయి ఏడేళ్ళుంది. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి టీకా వేసి బతికించింది 1885 జులైలో. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. మా చిన్నప్పుడు కుక్క కరిచిందంటే బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లని పెద్దవాళ్ళు బెదిరించేవారు, గుర్తుందా? గొర్రె మెదడుతో చేసే ఆ పాతరకం మందు మన దగ్గర 2005 నాటికి కనుమరుగైంది. ఇప్పుడు చేతికే వేస్తారు. అయినా సరే, మా అమ్మాయిని నేనడిగిన మొదటి ప్రశ్న "దానికి టీకా వేయించారా?" అనే. వేయించారట, చీటీ కూడా ఫొటో తీసి పంపింది.

బైరన్ ఆ కుక్కకి న్యూస్టెడ్ తోటలో పెద్ద సమాధి కట్టించి, పద్యం చెక్కించాడు. తనని కూడా దాని పక్కనే పూడ్చమని 1811లో విల్లు రాశాడు. ఎంత ప్రేమో! కానీ 1817లో ఆ ఎస్టేటే అమ్ముడైపోయింది. 1824లో గ్రీసులో కన్నుమూస్తే, శవాన్ని ఓడలో తెచ్చి హక్నల్ చర్చిలో పూడ్చారు. కుక్క అక్కడ, యజమాని ఇక్కడ. తాతలనాటి ఎస్టేటు ఉన్నవాడికే మాట నిలుపుకోవడం కుదరలేదు. మేడమీద రెండు గదుల అద్దె పోర్షన్‌లో ఉండే పందొమ్మిదేళ్ళ పిల్ల పన్నెండేళ్ళ తర్వాతి సంగతి ఎలా చెప్పగలదు? అప్పటికి పీజీలూ, ఉద్యోగాలూ, బెంగుళూరో డల్లాసో, పెళ్ళీ పిల్లలూ, ఎన్ని రావాలి మధ్యలో!

ఇంకో ముసలమ్మ కూడా ఆ రాత్రి గుర్తొచ్చింది. మేరీ టీల్బీ. అరవైకి దగ్గరపడిన వయసులో, 1860లో, లండన్‌లోని హాలోవే పేటలో ఒక పాత గుర్రపుసాలలో దిక్కులేని కుక్కలకు ఆశ్రయం పెట్టింది. పేపర్లవాళ్ళు ఎంత ఎగతాళి చేశారనుకున్నారు! మనుషులకే దిక్కులేకపోతే కుక్కలకా అన్నారు. చార్లెస్ డికెన్స్ 1862లో తన పత్రికలో ఒక వ్యాసం వేశాకే నలుగురూ మెత్తబడ్డారు. ఆమె 1865లో పోయింది. ఆశ్రమం 1871లో బాటర్‌సీకి మారి, ఇవాళ్టికీ నడుస్తోంది. నన్ను ఆకట్టుకున్నది దానికి ఆమె పెట్టిన పేరు. తప్పిపోయిన, ఆకలిగొన్న కుక్కల 'తాత్కాలిక' గృహం అని. ఇక్కడే ఉండిపోండి అనలేదు, మీ ఇల్లు దొరికేదాకా ఉండండి అంది. మా అమ్మాయి చెప్పిన ఫోస్టరింగ్ పాఠం ఆవిడ అప్పుడే చెప్పేసిందన్నమాట. మన దగ్గర మద్రాసులో 1959లో బ్లూ క్రాస్ పుట్టింది. వీధికుక్కల్ని చంపే బదులు వాటికీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయండని వాళ్ళు 1964 నుంచీ మొత్తుకుంటే, దేశమంతటికీ నిబంధనలు రావడానికి 2001 అయింది.

ఇంత చరిత్ర తిరగేశాను గానీ, నాకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం వేరు.

నాకు పదేళ్ళప్పుడు మా ఇంట్లో రాజు ఉండేవాడు. పేరుకే రాజు, ఉత్త వీధికుక్క. నాన్నకి ట్రాన్స్‌ఫరైంది. సామాన్లు లారీకెక్కించారు. వాణ్ణి పక్కింటి అత్తయ్యగారికి అప్పజెప్పి, గొలుసు గుంజకి కట్టాం. ఎలా విప్పుకున్నాడో, వీధి చివరిదాకా లారీ వెనక పరిగెత్తాడు. నేను వెనక్కి తిరిగి చూస్తుంటే అమ్మ నా తల తన ఒళ్ళోకి తిప్పేసుకుంది. వాడు తాళం వేసిన మా గుమ్మం మీదే పడుకుంటున్నాడనీ, పెట్టింది ముట్టడం లేదనీ నెల తర్వాత అత్తయ్యగారు కార్డు రాశారు. ఆ తర్వాతి కార్డులో వాడి ఊసు లేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

తెల్లవారాక ఇదంతా అమ్మాయికి చెప్పాను. బైరన్ సంగతి విని నవ్వింది. రాజు సంగతి విని మాట్లాడలేదు. నేనేమీ వద్దని శాసించలేదు. "నీకు వాడంటే ఎంత ఇష్టమో నేనడగను. నీకు మధ్యాహ్నం ల్యాబు ఉన్నప్పుడు వాడు ఎవరి దగ్గరుంటాడు? సెలవులకి నువ్వొస్తే ఎవరు చూస్తారు? నా దగ్గర వదలాలని మనసులో ఉంటే ఇప్పుడే చెప్పు. అప్పుడది నీ కుక్క కాదు, నా కుక్క. నేను సిద్ధంగా లేనే" అన్నాను. ఇంత కటువుగా మాట్లాడానేమిటా అని ఫోన్ పెట్టేశాక వంటింట్లో కాసేపు నిలబడిపోయాను. పోపు మాడిపోయింది.

ఆదివారం ఆ దంపతులు వచ్చారు. పెద్దాయన నేలమీద కూర్చుని, బూందీ తనంత తానుగా దగ్గరికొచ్చేదాకా అరగంట ఓపిక పట్టాడట. వాళ్ళింటికి పెరడుందట. మా అమ్మాయి అది పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే మడతపెట్టి ఇచ్చింది, వాసన పోకూడదని. ఆ ఉపాయం దానికెవరు చెప్పారో! రెండు రోజులు నాకు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. మా అత్తగారు మాత్రం పూటపూటకీ "కుక్క సంగతేమైందే? పెరుగన్నం తింటోందా?" అని నన్ను అడుగుతూనే ఉన్నారు.

మూడోనాడు రాత్రి ఫోన్ మోగింది.

"అమ్మా, ముందు కోప్పడనని మాటివ్వు. ఇది చాలా చిన్నదే, ఇంకా సరిగ్గా కళ్ళు కూడా తెరవలేదు. పదిహేను రోజులకే. నిజంగా పదిహేను రోజులకే."

"పేరు పెట్టావా?" అన్నాను.

"ఇంకా లేదు" అంది.