పొగాకు దావాలో కాగితాలు

"తాగింది తనే కదా, కంపెనీ వచ్చి నోట్లో పెట్టిందా?" పొగాకు కంపెనీల మీద దావా అనగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇది. గుంటూరు, ఒంగోలు వైపు పొగాకు బ్యారన్ల మధ్య పెరిగినవాళ్లయితే ఇంకాస్త గట్టిగా అడుగుతారు. మెల్‌బోర్న్‌లో రోలా మెక్కేబ్ దావా ఈ ప్రశ్నని పక్కకు నెట్టి ఇంకొకటి అడిగింది: కంపెనీకి ఏం తెలుసు, తెలిసినట్టు చూపే కాగితాలు ఏమయ్యాయి?

అమెరికాలో 1998లో పెద్ద కంపెనీలు 46 రాష్ట్రాలతో రాజీపడి, 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అక్కడ దావాలు వేసినవి ప్రభుత్వాలు. ఇక్కడ వేసింది పన్నెండేళ్లకే సిగరెట్ అలవాటై, యాభై దాటేసరికి ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చిన ఒక్క మనిషి.

విక్టోరియా సుప్రీంకోర్టులో (ఇక్కడ రాష్ట్రానిది సుప్రీంకోర్టు, దేశానిది హైకోర్టు, మనకు తలకిందులు) జడ్జి జెఫ్రీ ఈమ్స్ 2002 మార్చిలో, బ్రిటిష్ అమెరికన్ టొబాకో ఆస్ట్రేలియా సర్వీసెస్ వేలాది పత్రాలను నాశనం చేయడం వల్ల న్యాయమైన విచారణకు వీల్లేకుండా పోయిందని తేల్చారు. ఆ పనికి కంపెనీ పెట్టుకున్న పేరు పత్రాలను "భద్రపరిచే" విధానం! కంపెనీ వాదనను కొట్టేశారు. జ్యూరీకి పరిహారం లెక్కగట్టడమే మిగిలింది. ఏడు లక్షల డాలర్లన్నారు.

అక్టోబరులో ఆవిడ పోయారు. డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పుని రద్దు చేసింది. దావా పడకముందు కాగితాలు తీసేస్తే, అది న్యాయానికి అడ్డుపడే నేరమో కోర్టు ధిక్కారమో అయితే తప్ప, కంపెనీ వాదనను కొట్టేయడానికి వీల్లేదంది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. కానీ కాగితాలు కంపెనీ బీరువాలో ఉంటే రోగి ఏం చూపించి రుజువు చేస్తాడు? 2003లో హైకోర్టూ అప్పీలుకి అనుమతి ఇవ్వలేదు.

ఓడిన ఆ కేసు వల్లే విక్టోరియా 2006లో కొత్త చట్టం చేసింది. ముందుముందు రాబోయే కేసులో సాక్ష్యంగా కావలసి వస్తుందని తెలిసీ, కోర్టుకి చేరకూడదని పత్రాన్ని నాశనం చేస్తే అయిదేళ్ల దాకా జైలు. తర్వాత కథ తిరగబడింది. సిగరెట్ పెట్టెల మీద కంపెనీ రంగులూ గుర్తులూ ఉండకూడదని 2011లో దేశం చట్టం చేస్తే, ఈసారి కోర్టుకెక్కింది కంపెనీలే. 2012 ఆగస్టులో హైకోర్టులో ఓడిపోయాయి.

మెక్కేబ్ కుటుంబంతో కంపెనీ 2011లో రాజీకి వచ్చింది. ఆ షరతులు మాత్రం బయటపెట్టలేదు.