రేడియేషన్ ప్రాంతాల్లో కార్మికుల ప్రవేశ నియంత్రణ: పనితోపాటు కదిలే కాపలా

అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్ ప్రాంతానికి గోడలు, తలుపులు, నమోదు కేంద్రం శాశ్వతంగా ఉంటాయి. పారిశ్రామిక రేడియోగ్రఫీలో ఆ సౌకర్యం ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ సమీపాన ఉన్న సీపత్ వంటి థర్మల్ కేంద్రాల బాయిలర్ గొట్టాలకు, చమురు పైపులైన్లకు వేసిన వెల్డింగ్ అతుకుల్లోని లోపాలను గామా కిరణాలతో పరీక్షిస్తారు. పరీక్ష జరిగినంత సేపు ఆ చోటే రేడియేషన్ ప్రాంతం; పని వేరొక అతుకు వద్దకు మారితే ఆ ప్రాంతమూ మారుతుంది. అందుచేత ప్రవేశ నియంత్రణను కూడా వెంట తీసుకువెళ్లవలసి వస్తుంది.

పనిచేసే తీరు

ట్రాలీపై అమర్చిన కంప్యూటర్, కార్డు రీడర్, ఎలక్ట్రానిక్ డోసిమీటర్లు ఈ వ్యవస్థలోని ప్రధాన భాగాలు. కార్మికుడు కార్డు చూపగానే అతని శిక్షణ, వైద్య పరీక్ష, ఆ పనికి అనుమతి, పరిమితిలో ఇంకా మిగిలిన మోతాదు సరిచూస్తారు. ఒక్కటి లోపించినా ప్రవేశం ఉండదు. లోపల మోతాదు నిర్ణీత స్థాయికి చేరితే డోసిమీటర్ హెచ్చరిక మోగిస్తుంది. బయటికి వచ్చినప్పుడు ఆ రీడింగు నమోదవుతుంది. ఛాతీపై ధరించే టీఎల్‌డీ బ్యాడ్జీ కూడా మోతాదును కొలిచినా, ఆ ఫలితం ప్రయోగశాలలో చదివిన తరువాతే తెలుస్తుంది.

పరిమితులు, నమోదు

దేశంలో రేడియేషన్ భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది. దాని ప్రమాణాల ప్రకారం కార్మికుని మోతాదు వరుసగా 5 సంవత్సరాల్లో 100 మిల్లీసీవర్టులను, ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 మిల్లీసీవర్టులను మించరాదు. సాధారణ ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు.

కాంట్రాక్టు కార్మికులు ఒక స్థలం నుంచి మరొక స్థలానికి మారుతుంటారు. పాత మోతాదు లెక్క కొత్త గేటుకు చేరకపోతే, అక్కడ వారి లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. భాభా అణు పరిశోధనా కేంద్రం జాతీయ స్థాయిలో మోతాదుల రిజిస్టరును నిర్వహించడానికి కారణమిదే. గేటు ఎన్ని చోట్లకు మారినా, కార్మికుని లెక్క ఒక్కటిగానే ఉండాలి.

గేటు చేయలేనిది

1999 ఫిబ్రవరిలో పెరూలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో, రక్షణ పెట్టె నుంచి వెలుపల పడివున్న ఇరిడియం-192 మూలాన్ని ఒక వెల్డర్ తీసి జేబులో వేసుకున్నాడు. కొన్ని గంటల్లో కలిగిన గాయం కారణంగా అతని కాలు తొలగించవలసి వచ్చింది. అతడు రేడియోగ్రఫీ సిబ్బంది కాడు. ప్రవేశ కార్డు, డోసిమీటర్ పొందేవారి జాబితాలో అటువంటివారు ఉండరు. కనుక తాళ్ల కంచె, హెచ్చరిక గుర్తులు, కాపలా మనిషి అవసరం తీరదు. ప్రతి పరీక్ష తరువాత మూలం పెట్టెలోకి తిరిగి చేరిందో లేదో సర్వే మీటరుతో కొలిచి నిర్ధారించుకోవాలి. ఆ నిర్ధారణ జరిగిన తరువాతే ఇతర కార్మికులను అక్కడికి అనుమతించాలి.