ధవళేశ్వరం బంగళాలో ఒక పూట

సంక్రాంతికి మామిడికుదురు వెళ్ళి, తిరుగు ప్రయాణంలో కుటుంబసమేతంగా ధవళేశ్వరంలో ఆగాము. ఆనకట్ట పనుల కాలపు బంగళాలో ఇప్పుడు కాటన్ మ్యూజియం ఉంది. ఎత్తైన కప్పు, విశాలమైన గదులు, ఆవరణలో చెట్ల నీడన తుప్పు పట్టిన పాత యంత్రాలు. పిల్లలు వాటి చుట్టూ పరుగులు తీస్తుంటే నాన్నగారు లోపల గోదావరి నమూనా ముందు చాలాసేపు నిలబడిపోయారు.

మా పొలాన్ని రొయ్యల చెరువుకు కౌలుకిమ్మని ఎవరో అడుగుతున్నారు. వరిలో నష్టాలు తప్పడం లేదు. పండుగ మూడు రోజులూ ఇంట్లో ఇదే చర్చ.

"తాతగారూ, ఈయన తెల్లదొర కదా! మనవాళ్ళు ఇంత గౌరవం ఎందుకిస్తారు?" అని మా అబ్బాయి అడిగాడు.

ప్రశ్న సబబైనదే. కంపెనీ పాలకులు మన మీద జాలితో ఆనకట్ట కట్టలేదు. కరువులతో, తుపానులతో రాజమహేంద్రవరం జిల్లా చితికిపోయింది. 1821లో 7 లక్షలు దాటిన జనాభా 1841 నాటికి 5.6 లక్షలకు పడిపోయింది. శిస్తు కూడా తగ్గింది. 1846లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలై 1852లో ముగిసింది. లాభం లెక్కలతోనే దొరలను ఒప్పించవలసి వచ్చినా, ఆర్థర్ కాటన్ మనసులో కరువు గురించిన బాధ ఉందన్నది ఆయన జీవితమంతా చెబుతుంది. ఇక రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు ఏ గోడ మీదా లేవు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్నగారి పేరైనా మన పిల్లలకు తెలియదు.

నాన్నగారు మాత్రం వాడికి ఇదంతా చెప్పలేదు. "మన చేలోకి నీళ్ళు ఎలా వస్తాయో తెలుసురా?" అని మొదలుపెట్టారు. మాది వైనతేయకు ఆవలి ఒడ్డు, నగరం లంక. చుట్టూ నదులున్నా పొలానికి నీరు అందేది కాదు. నది మీదుగా కాలువను దాటించడానికి గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టారు. ఒకటిన్నర శతాబ్దం గడిచాక, 2000లో, దాని స్థానంలో కొత్తది వచ్చింది. దానికి ఆ ఊరి అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

"అంటే నది మీద నది!" అన్నాడు వాడు.

కారెక్కాక నాన్నగారు మెల్లగా అన్నారు: "నది మీదుగా తెచ్చిన మంచినీళ్ళ చేను. మన చేత్తో ఉప్పు చెయ్యడానికి మనసొప్పడం లేదురా. వద్దని చెప్పెయ్యి."

2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించిన సంగతి నాకు గుర్తుంది. చెరువుకిచ్చిన పొరుగువారిని నేను తప్పుపట్టలేను. ఈ యేటి నష్టం నాన్నగారి మాటతో పూడదు కూడా.

అయినా ఆ మాటకు ఎదురు చెప్పాలనిపించలేదు. కాలువ గట్టు వెంట చాలాదూరం మౌనంగానే ప్రయాణించాము.