గిలక నేర్పిన పాఠము

ఖమ్మము దాటి భద్రాచలము అడవి అంచు పల్లెలకు పోయినచో, దూలమునకు వ్రేలాడు చీర ఊయెల కన్పించును. దాని త్రాటికి గిలక కట్టినచో, బిడ్డ కాళ్లాడించినపుడెల్ల అది మ్రోగును. ఆ మ్రోత తన వలననే కలిగినదని బిడ్డ ఎట్లు గ్రహించును?

స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజె దీనిని తన ఇంటనే పరిశీలించెను. 1931లో జన్మించిన కుమారుడు లారెంటు చేతిని దారముతో గిలకలకు కలిపి, చేతి కదలికలను గమనించెను. ఆ వివరములు 1936లో గ్రంథముగా వెలువడెను. కాని ఒక్క బిడ్డను చూచి సిద్ధాంతము నిర్ణయింపరాదు గదా!

1969లో అమెరికాలో కరొలిన్ రోవీ, రెండు మూడు నెలల శిశువుల కాలికి కట్టిన పట్టీని పైన వ్రేలాడు బొమ్మలకు కలిపెను. కొద్ది నిమిషములలోనే తన్నులు హెచ్చెను. ఆ బొమ్మలనే ఇతరులు కదలించినపుడు మాత్రము అట్లు హెచ్చలేదు. అనగా శిశువును ఉత్సాహపరచినది బొమ్మల ఆట మాత్రమే కాదు. అది తన కాలికి లోబడియుండుట.

2023లో ఫ్లారిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శిశువుల కదలికలను కెమెరాలతో సూక్ష్మముగా కొలిచిరి. తన్నుటయే గాక, నడుమ ఆగి చూచుట కూడ ఈ జ్ఞానమునకు తోడ్పడునని వారి అభిప్రాయము. తన్నినపుడు కదలినది, ఆగినపుడు నిలిచినది. పాఠశాలలో మనము నేర్పు ప్రయోగపద్ధతియు ఇదియే. ఊయెలలోని బిడ్డ దానిని ముందే ఆరంభించినది.